స్వోర్డ్‌ఫిష్ పడితే 24 గంటల్లో చెప్పాలట, నిజమేనా?

ప్రశ్న: మేము ఫ్లోరిడాలో ఫోర్ట్ లాడర్‌డేల్ దగ్గర ఉంటున్నాం. నేనూ మా తోడల్లుడూ కలిసి ఈమధ్య 27 అడుగుల సెకండ్ హ్యాండ్ బోటు కొన్నాం. ‘ట్యూనా, స్వోర్డ్‌ఫిష్ పట్టుకునే పర్మిట్ డిసెంబరు దాకా ఉంది, మీరేమీ చేయనక్కర్లేదు’ అంటూ అమ్మినాయన తన పర్మిట్ కాగితం కూడా చేతిలో పెట్టాడు. రెండు వారాల క్రితం ఐదుగురం వెళ్తే ఒక స్వోర్డ్‌ఫిష్ పడింది. కోసి తెలిసినవాళ్లందరికీ పంచాం. రేవులో ఒకాయన అట్ట మీద కాగితం పెట్టుకుని వచ్చి చేప కొలతలు రాసుకున్నాడు. ఇప్పుడు ఆఫీసులో ఒకరు ‘24 గంటల్లో రిపోర్టు చేయాలి, చేశారా?’ అని అడుగుతున్నారు. రాసుకున్నాయన చూసుకుంటాడు కదా? నేను హెచ్1బి మీద ఉన్నాను, కాస్త భయంగా ఉంది. వచ్చే ఏడాది బోటును నార్త్ కరోలినా తీసుకెళ్లాలనుకుంటున్నాం, అక్కడా ఇదే పద్ధతా? మా బావమరిదేమో తనకు తెలిసిన రెస్టారెంటుకు కొంత చేప ఇచ్చి డీజిల్ ఖర్చు రాబట్టుకుందాం అంటున్నాడు. ఇవ్వొచ్చా?
– పేరు వద్దన్న పాఠకుడు, ఫ్లోరిడా

సమాధానం: 24 గంటల మాట నిజమే. కొలతలు రాసుకున్నాయన మీ తరఫున రిపోర్టు చేయడు. అమ్మినాయన ఇచ్చిన పర్మిట్ మీకు పనికిరాదు. రెస్టారెంటుకు చేప ఇచ్చి డబ్బు తీసుకోకూడదు. ముందు ఈ నాలుగూ మనసులో పెట్టుకోండి. కొత్త పర్మిట్ చేతికొచ్చేదాకా ట్యూనాకూ స్వోర్డ్‌ఫిష్‌కూ గాలం వేయడం ఆపేయండి. ఇక ఒక్కొక్కటే చూద్దాం.

మీకు కావలసిన పర్మిట్ పేరు హెచ్‌ఎంఎస్ యాంగ్లింగ్ పర్మిట్. సముద్రాలు దాటి వలసపోయే పెద్ద చేపల కోసం అమెరికా ఫెడరల్ ప్రభుత్వంలోని నోవా ఫిషరీస్ విభాగం ఇస్తుంది. ట్యూనాలు, కత్తిలాంటి ముక్కుండే స్వోర్డ్‌ఫిష్, మార్లిన్, సెయిల్‌ఫిష్, సొరచేపలు దీని కిందికి వస్తాయి. చాలామంది పొరబడేది ఇక్కడే: ఈ పర్మిట్ మనిషికి కాదు, బోటుకు. బోటులో ఎక్కినవాళ్లందరికీ ఆ ఒక్కటే సరిపోతుంది. కానీ బోటు చేతులు మారిన రోజే పాత యజమాని పర్మిట్ చెల్లకుండా పోతుంది. కాగితం మీద డిసెంబరు 31 అని ఉన్నా, అది ఆయనకూ ఆ బోటుకూ కలిపి ఇచ్చిన అనుమతి. మోసం చేయాలని కాకుండా తెలియకే ఇచ్చి ఉండవచ్చు. అయినా ఫలితం ఒక్కటే, ఆ రోజు మీరు పర్మిట్ లేకుండా పట్టినట్టే లెక్క.

పట్టి వదిలేసేవాళ్లకు పర్మిట్ అక్కర్లేదనే మాట కూడా రేవుల్లో వినబడుతుంది. అది తప్పు. స్వోర్డ్‌ఫిష్ కోసం గాలం వేయాలంటేనే పర్మిట్ ఉండాలి, ఇంటికి తెచ్చుకున్నా వదిలేసినా.

కొత్తది తీసుకోవడం కష్టం కాదు. వరస తప్పితేనే తిప్పలు. మొదట బోటు టైటిల్ మీ పేరు మీదికి రావాలి. ఫ్లోరిడాలో ఇది కౌంటీ ట్యాక్స్ కలెక్టర్ ఆఫీసులో జరుగుతుంది, కొన్న 30 రోజుల్లోపు చేయించుకోవాలి. పాత టైటిల్, అమ్మకం పత్రం తీసుకెళ్లండి. ఎఫ్ఎల్ అని మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు మీ పేరు మీద పడ్డాక, హెచ్‌ఎంఎస్ పర్మిట్స్ డాట్ నోవా డాట్ గవ్ అనే సైటుకు వెళ్లి దరఖాస్తు నింపండి. బోటు నంబరు, పొడవు, యజమాని పేరు, అడ్రసు, ఫీజు కట్టడానికి కార్డు దగ్గర పెట్టుకోండి. రిజిస్ట్రేషన్‌లో పేరు ఎలా ఉందో అక్షరం తేడా లేకుండా అలాగే రాయండి. మన ఇంటిపేర్లు ఒకచోట ముందూ ఒకచోట వెనకా పడుతుంటాయి కాబట్టి ఇది రెండుసార్లు చూసుకోవలసిన విషయం. ప్రింటు తీసి, తడవకుండా కవరులో పెట్టి బోటులోనే ఉంచండి. ఎక్కడైనా ఆగితే 888-872-8862 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

హెచ్1బి మీద ఉన్నవారికి ఈ పర్మిట్ రాదేమోనన్న బెంగ అక్కర్లేదు. కోస్ట్ గార్డు దగ్గర డాక్యుమెంట్ చేయించే బోట్లకు మాత్రం యజమాని అమెరికా పౌరుడై ఉండాలి. రాష్ట్ర రిజిస్ట్రేషన్ ఉన్న బోటుకు ఆ నిబంధన లేదు, పర్మిట్‌కు రాష్ట్ర నంబరు చాలు.

దరఖాస్తులో కేటగిరీ ఎంచుకునేటప్పుడు తొందరపడకండి. సరదాగా పట్టి ఇంట్లో తినేవాళ్లకు యాంగ్లింగ్. డబ్బు తీసుకుని జనాన్ని ఎక్కించుకునేవాళ్లకు చార్టర్ హెడ్‌బోట్. అమ్ముకునేవాళ్లకు వేరే కమర్షియల్ పర్మిట్లు. పొరపాటున వేరేది తీసుకుంటే మార్చుకోవడానికి 45 రోజులే గడువు, అదీ షరతులతో. సొరచేపలు కూడా పట్టాలనుకుంటే అదే దరఖాస్తులో షార్క్ ఎండార్స్‌మెంట్ అడగాలి, అందుకు ఒక చిన్న వీడియో, క్విజ్ ఉంటాయి. తర్వాత ఇల్లు మారితే కొత్త అడ్రసు 30 రోజుల్లోపు తెలియజేయాలి.

ఈ పర్మిట్ క్యాలెండరు సంవత్సరానికి. అక్టోబరులో తీసుకున్నా డిసెంబరు 31తో అయిపోతుంది. జనవరి మొదటి వారంలో సముద్రం చల్లబడి బాగుందని వెళ్లి, పాత కాగితంతో కోస్ట్ గార్డుకు దొరికిపోయేవాళ్లు ఉంటారు. కొత్త ఏడాది మొదటి ట్రిప్పుకు ముందు రెన్యూవల్ చేయించుకోవడం అలవాటు చేసుకోండి.

దీనికి తోడు, గాలం పట్టే ప్రతి మనిషికీ ఫ్లోరిడా ఉప్పునీటి ఫిషింగ్ లైసెన్సు ఉండాలి. ఇది బోటుకు కాదు, మనిషికి. నివాసులకు ఏడాదికి 17 డాలర్లు, బయటివాళ్లకు 47. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను కూడా తీసుకెళ్తుంటారు కదా. 65 ఏళ్లు దాటితే లైసెన్సు అక్కర్లేదన్న మినహాయింపు ఫ్లోరిడా నివాసులకే. విజిటర్ వీసా మీద వచ్చిన నాన్నగారి చేతికి రాడ్డు ఇచ్చేముందు ఆయన పేరు మీద మూడు రోజుల లైసెన్సు తీసుకోండి, 17 డాలర్లు.

ఇప్పుడు ఆ రెండు వారాల నాటి చేప సంగతి. ఇక్కడ రెండు లోపాలున్నాయి: పర్మిట్ లేకపోవడం, రిపోర్టు చేయకపోవడం. చేపల నిబంధనల ఉల్లంఘన మామూలుగా సివిల్ జరిమానాగా నడిచే వ్యవహారం. అయినా మీరు వీసా మీద ఉన్నారు కాబట్టి, ఒక ఇమిగ్రేషన్ లాయరుకు ఫోన్ చేసి జరిగింది చెప్పి, ఆ తర్వాతే రిపోర్టుకు దిగండి. ఆ తర్వాత 800-894-5528 నంబరుకు ఫోన్ చేసి, చేప ఎప్పుడు పడిందో, పాత పర్మిట్‌ను నమ్మి ఎలా వెళ్లారో ఉన్నదున్నట్టు చెప్పండి. ఒకటి మాత్రం చేయకండి: కొత్త పర్మిట్ తీసుకుని, దాని మీద నిన్ననో మొన్ననో పట్టినట్టు తేదీ మార్చి ఆన్‌లైన్‌లో పెట్టకండి. ఆలస్యంగా చెప్పడం ఒక తప్పు. ప్రభుత్వ రికార్డులో అబద్ధపు తేదీ రాయడం అంతకన్నా చాలా పెద్ద తప్పు. పైగా రేవులో సర్వే ఆయన దగ్గర అసలు తేదీ, కొలత రాసి ఉన్నాయి.

ఆయన గురించి అడిగారు కాబట్టి చెబుతున్నాం. రేవుల్లో అట్టతో తిరిగేవాళ్లు ఎంత మంది వెళ్లారు, ఎన్ని గంటలు పట్టారు, ఏం పడింది అని నమూనాగా కొందరిని అడుగుతారు. అది సర్వే. దాన్నుంచి మొత్తం అంచనా కడతారు. మీ చేప మీ పేరు మీద నమోదు కావడం వేరు. మెయిన్ నుంచి వర్జీనియా దాకా ఇలాంటివే ఫోన్ సర్వేలు కూడా జరుగుతాయి. అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పండి, మంచిదే. కానీ వాటిలో ఏదీ 24 గంటల రిపోర్టుకు బదులు కాదు.

ఇకమీదట ఎలా చేయాలో చూడండి. చేపను ఒడ్డుకు తెచ్చిన క్షణం నుంచి గడియారం మొదలవుతుంది, గాలానికి పడినప్పటి నుంచి కాదు. బాధ్యత బోటు యజమానిదే. పట్టింది ఎవరైనా సరే, మీరో, మీరు అప్పజెప్పినవారో చేయాలి. మీరిద్దరూ భాగస్థులు కాబట్టి ‘ఆయన చేస్తాడులే’ అని ఇద్దరూ ఊరుకునే ప్రమాదం ఉంది. బోటు కట్టేయకముందే ఈసారి ఎవరో తేల్చుకోండి. పర్మిట్ తీసుకున్న సైటులోనే రిపోర్టు చేసే చోటు కూడా ఉంటుంది, లేదా పైన చెప్పిన 800 నంబరుకు ఫోన్ చేయవచ్చు. పర్మిట్ నంబరు, తేదీ, దిగిన ఊరు, చేప రకం, పొడవు, తూకం వేసి ఉంటే బరువు దగ్గర ఉంచుకోండి. అందుకే చేపను కోసేముందే టేపు పెట్టి ఫోటో తీయమంటాం. ముక్కలయ్యాక పొడవు ఎవరికీ గుర్తుండదు, అందాజుగా రాసిన అంకె లెక్కను చెడగొడుతుంది.

చివర్లో ఒక కన్ఫర్మేషన్ నంబరు వస్తుంది. అది చేతికి రానంతవరకూ రిపోర్టు పూర్తి కానట్టే. ఆన్‌లైన్‌లో వివరాలన్నీ నింపి, ఆఖరి బటన్ నొక్కేముందు ఫోన్ మోగితే లేచిపోయేవాళ్లున్నారు. ఫోన్‌లో మెసేజ్ వదిలి అయిపోయిందనుకునేవాళ్లూ ఉన్నారు. ఆ నంబరును స్క్రీన్‌షాట్ తీసి, చేప ఫోటో పక్కనే దాచుకోండి. పడింది రెండు చేపలైతే రెండూ నమోదు కావాలి.

వదిలేసిన స్వోర్డ్‌ఫిష్‌కు ఈ రిపోర్టు అక్కర్లేదు, ఒడ్డుకు తెచ్చినవాటికే. బ్లూఫిన్ ట్యూనా సంగతి వేరు, చచ్చిపోయాక పారేసినవి కూడా చెప్పాలి. అలాగే రిజిస్టరైన టోర్నమెంటులో పట్టిన చేపను నిర్వాహకులు రిపోర్టు చేస్తారు.

ఒక్క చేప కోసం ఇంత హడావుడి ఎందుకని మీకు అనిపించవచ్చు. 1990ల చివరికి ఉత్తర అట్లాంటిక్‌లో స్వోర్డ్‌ఫిష్ బాగా తగ్గిపోయింది. 1999లో ఐక్యాట్ అనే అంతర్జాతీయ సంఘం పదేళ్ల పునరుద్ధరణ ప్రణాళిక పెట్టింది. దాని ఆఫీసు స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లో ఉంది. అమెరికా 2001లో మీరు పట్టే ఫ్లోరిడా తూర్పు తీరంలోనే పొడవాటి లాంగ్‌లైన్ గాలాలను నిషేధించింది. 2009కల్లా చేప కోలుకుంది. మీరు ఈరోజు ఇంటి నుంచి బయల్దేరి సాయంత్రానికి స్వోర్డ్‌ఫిష్‌తో తిరిగి రాగలుగుతున్నారంటే ఆ నిగ్రహం వల్లే. సభ్య దేశాలు ఏటా తమ పట్టుబడిని ఐక్యాట్‌కు లెక్క చెప్పాలి. అమెరికా వాటాలో సరదాగా పట్టేవాళ్లకూ, వేరే చేపలు పడుతుంటే అనుకోకుండా పడిన స్వోర్డ్‌ఫిష్‌లకూ కలిపి 300 మెట్రిక్ టన్నులు కేటాయించారు. పేగులు, తల తీసిన బరువు ప్రకారం. కమర్షియల్ బోట్ల లెక్క డీలర్ల బిల్లుల్లో కనబడుతుంది. మీ చేపకు బిల్లు లేదు. మీరు చెప్పకపోతే ఆ చేప ఏ లెక్కలోకీ రాదు, చేపలు ఎన్ని మిగిలాయని కట్టే అంచనా అంతమేరకు తప్పుతుంది. దీన్ని మేము తేలిగ్గా తీసుకోలేం.

మీ ఉత్తరంలో చేప పొడవు రాయలేదు, కాబట్టి కొలత గురించి వివరంగా చెప్పాలి. స్వోర్డ్‌ఫిష్ కనీసం 47 అంగుళాలు, అంటే సుమారు 119 సెంటీమీటర్లు ఉండాలి. కొలవడం కత్తి కొన నుంచి కాదు. కింది దవడ కొన నుంచి తోక చీలిన చోటు దాకా. పై దవడ సాగి కత్తిలా ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది, దాని కింద పొట్టిగా ఉండేదే కింది దవడ. కత్తితో కలిపి కొలిస్తే చిన్న చేప కూడా కనీస కొలత దాటినట్టు కనబడుతుంది. ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. కింది దవడ కొన నుంచి తోక చీలిక దాకా నిటారు గీతలా కొలవాలి, ఒంటి వంపును అనుసరించి కాదు. వంపు వెంట మెత్తటి టేపు పెడితే కొలత ఎక్కువ వస్తుంది. తల తీసేసిన చేపకు మరో కొలత ఉంది: మొప్పల వెనకాల ఉండే గట్టి ఎముక అంచు నుంచి తోక మొదట్లో పక్కకు ఉబ్బి ఉండే గట్టి అంచు మొదలు దాకా 25 అంగుళాలు. సొర కొరికిన చేపనైతే, మిగిలిన భాగమే నిబంధన ప్రకారం పొడవుంటేనే ఉంచుకోవాలి.

చిక్కేమిటంటే, ఉంచుకోని చేపను నీళ్లలోంచి పైకి తీయకూడదు. బోటులోకి లాగి, కొలిచి, పొట్టిదని తేలాక వదులుదాం అంటే కుదరదు. గాఫ్, అంటే చేపను గుచ్చి పైకి లాగే కొక్కెం కర్ర, దించేముందే తేల్చుకోవాలి. ఒక పొడవాటి కర్రకు 47 అంగుళాల దగ్గర ఎర్ర టేపు చుట్టి, బోటు అంచున అందుబాటులో పెట్టుకోండి. చేప పక్కకు రాగానే కర్రను దాని పక్కన ఆనించి చూడండి. టేపు దగ్గరే తోక చీలిక ఉండి అనుమానంగా ఉంటే వదిలేయండి. రెండు మూడు అంగుళాలు స్పష్టంగా ఎక్కువుంటేనే గాఫ్ వేయండి. వదిలేటప్పుడు లీడర్‌ను, అంటే గాలానికి కట్టి ఉండే గట్టి దారాన్ని, గాలానికి వీలైనంత దగ్గరగా కత్తిరించాలి. మీ దగ్గర 1,500 నుంచి 2,000 అడుగుల లోతులో ఎనిమిది పది పౌండ్ల సీసం కట్టి పగలు పట్టే పద్ధతి కదా. అంత లోతు నుంచి పోరాడి పైకి వచ్చిన చేప బాగా అలసిపోయి ఉంటుంది. బోటు మెల్లగా నడుపుతూ నీరు దాని నోట్లోంచి ఆడేలా కాసేపు పక్కన ఉంచితే తేరుకుంటుంది. కత్తి దెబ్బ తగలకుండా చేతికి గట్టి గ్లవుజులు వేసుకోండి.

సంఖ్య విషయానికొస్తే, మనిషికి ఒకటి, బోటు మొత్తానికి ట్రిప్పుకు నాలుగు. మీరు ఐదుగురు వెళ్లినా నాలుగే. రాడ్డు రీలుతోగానీ, బోటుకు కట్టి ఉన్న చేతి దారంతోగానీ పట్టాలి. రాత్రిళ్లు కొందరు తేలే బాయికి గాలం కట్టి వదిలేస్తారు, అది కమర్షియల్ పర్మిట్ ఉన్నవాళ్లకే. సముద్రం మీదే ముక్కలు కోసి ఐస్ పెట్టెలో సర్దేయడం కూడా కూడదు. పేగులు తీసి ఐస్ నింపుకోవచ్చు, ఫిల్లెట్లు కోయడం ఒడ్డుకు వచ్చాకే.

రిపోర్టులో రకం సరిగ్గా రాయడం గురించి ఒక మాట. విశాఖ రేవులో పెరిగినవాళ్లకు ముక్కు పొడవున్నదంతా కొమ్ముకోనమే. ఇక్కడ మార్లిన్‌కు, సెయిల్‌ఫిష్‌కు, స్వోర్డ్‌ఫిష్‌కు వేరువేరు నిబంధనలు. బ్లూ మార్లిన్‌కు 99 అంగుళాలు, వైట్ మార్లిన్‌కు 66, సెయిల్‌ఫిష్‌కు 63. స్వోర్డ్‌ఫిష్ కత్తి చదునుగా, వెడల్పుగా ఉంటుంది. మిగతావాటిది గుండ్రటి కడ్డీలా ఉంటుంది. పొట్ట కింద చూడండి, స్వోర్డ్‌ఫిష్‌కు అక్కడ రెక్కలుండవు. తోక మొదట్లో ఉబ్బిన అంచు ఒక పక్కకు ఒక్కటే, మిగతావాటికి రెండేసి. ఈ మూడూ చూస్తే పొరపాటు పడరు. మార్లిన్, సెయిల్‌ఫిష్ ఒడ్డుకు తెచ్చినా ఇదే 24 గంటల రిపోర్టు వర్తిస్తుంది.

నార్త్ కరోలినాలో పద్ధతి మారుతుంది. అక్కడా, మేరీల్యాండ్‌లోనూ ఆన్‌లైన్ రిపోర్టుకు బదులు క్యాచ్ కార్డు నింపాలి. రేవుల దగ్గర రిపోర్టింగ్ స్టేషన్లుంటాయి, చాలావరకు మెరీనాలు, గాలం సామాన్ల కొట్లు. కార్డు నింపి ఇస్తే ఒక ట్యాగ్ ఇస్తారు. దాన్ని చేప తోక చుట్టూ కట్టాకే చేపను బోటు నుంచి దించాలి. మీది ట్రెయిలర్ మీద వెళ్లే బోటు కాబట్టి ఇది మరీ గుర్తుంచుకోండి: బోటును నీళ్లలోంచి పైకి లాగకముందే ట్యాగ్ కట్టి ఉండాలి. ఓరిగన్ ఇన్‌లెట్ నుంచో హాటెరస్ నుంచో చీకటిపడ్డాక తిరిగి వస్తే స్టేషన్ మూసి ఉండవచ్చు, కాబట్టి వెళ్లే రోజు పొద్దున్నే వేళలు కనుక్కోండి. ఏ పద్ధతి పాటించాలన్నది చేప ఏ రాష్ట్రంలో దిగిందన్న దాన్నిబట్టి ఉంటుంది. బోటు ఫ్లోరిడా నంబరుదైనా మార్పు లేదు. ఫెడరల్ పర్మిట్ మాత్రం అదే, మళ్లీ తీసుకోనక్కర్లేదు. మనుషుల లైసెన్సులు ఆ రాష్ట్రానివి చూసుకోవాలి.

బావమరిదిగారి ఆలోచన మాత్రం మానుకోమనండి. యాంగ్లింగ్ పర్మిట్ మీద పట్టిన చేపను అమ్మకూడదు. డబ్బుకు బదులు భోజనాలు, సరుకులు తీసుకున్నా అది అమ్మకం కిందికే వస్తుంది. రెస్టారెంటుకూ చిక్కే, వాళ్లు కొనే చేప పర్మిట్ ఉన్న డీలరు ద్వారా రావాలి. ఉచితంగా స్నేహితులకు పంచడంలో తప్పు లేదు. డీజిల్, ఎర, ఐస్ ఖర్చు వెళ్లినవాళ్లంతా ఇష్టపూర్వకంగా పంచుకోవడమూ ఫర్వాలేదు. కానీ తలకు ఇంత అని రేటు పెట్టి జనాన్ని తీసుకెళ్తే అది చార్టర్ వ్యాపారం, దానికి కోస్ట్ గార్డు కెప్టెన్ లైసెన్సూ చార్టర్ పర్మిట్టూ కావాలి.

మీరు అడగకపోయినా ఇంకొకటి. తెలుగు సంఘాల్లో సరదాగా ‘ఎవరి స్వోర్డ్‌ఫిష్ పెద్దదైతే వారికి బహుమతి’ అని పోటీలు పెట్టే ఆలోచన వస్తుంటుంది. పేర్లు నమోదు చేసుకున్నా, బహుమతి ఇచ్చినా అది టోర్నమెంటే. నాలుగు వారాల ముందే నోవా ఫిషరీస్ దగ్గర రిజిస్టరు చేయాలి. అయిపోయాక ఏడు రోజుల్లో ఫలితాలు పంపే బాధ్యత నిర్వాహకులది.

ఈసారి చేప పంచేటప్పుడు ఎవరింటికి ఇస్తున్నారో చూసుకోండి. స్వోర్డ్‌ఫిష్‌లో పాదరసం ఎక్కువ. గర్భిణులు, బిడ్డకు పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు దీన్ని తినవద్దని అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ స్పష్టంగా చెబుతోంది. పులుసు పెట్టినా, వేయించినా పాదరసం పోదు. మీరు రెండు వారాల క్రితం ఇచ్చిన ముక్కలు ఎవరి ఫ్రీజర్‌లోనైనా మిగిలి ఉంటే, ఆ ఇంట్లో గర్భిణిగానీ పసిపిల్లలుగానీ ఉంటే, ఇవాళే ఫోన్ చేసి చెప్పండి.